కోలా చెవులు చూశానోచ్!

ఒరేయ్ గుండూ,

ఉత్తరం చాలా ఆలస్యమైంది, తిట్టుకో, కానీ మొత్తం చదివాక తిట్టుకో. ఉద్యోగం బాగానే ఉంది, ఒంట్లో బాగానే ఉంది, వంట ఇంకా రాలేదు. వార్తలు సమాప్తం.

కోలాని చూశానురా! అదే, ఇక్కడ ఆస్ట్రేలియాలో చెట్ల మీద ఉండే బొచ్చు జంతువు. మెల్‌బోర్న్ నుంచి గ్రేట్ ఓషన్ రోడ్ మీద పోతే కెనెట్ రివర్ అని చిన్న ఊరు. అక్కడ యూకలిప్టస్ కొమ్మ పంగలో కూర్చుని నిద్రపోతోంది. రోజుకి 20 గంటల దాకా నిద్రేనట. (నీ సెలవులు గుర్తొచ్చాయి.) అందరూ ముక్కు ఫొటోలు తీస్తుంటే నా చూపు చెవుల దగ్గరే ఆగిపోయింది. చెవి అంచు నిండా తెల్లటి కుచ్చులు! ఎవరు గుర్తొచ్చారో చెప్పాలా? మన లెక్కల మాస్టారు. నువ్వు పెట్టిన పేరు, ‘అటవీ శాఖ’, తలుచుకుని ఒక్కణ్ణే నవ్వుకుంటుంటే పక్కనున్నావిడ అదోలా చూసింది.

ఇంతలో ఓ ఈగ వచ్చింది. ఇంకా చర్మం మీద వాలనే లేదు, కుచ్చు కొసకి తగిలిందో లేదో చెవి టక్కున విదిలింది. కళ్లు తెరిస్తే ఒట్టు! ఈగ మళ్లీ వచ్చింది, మళ్లీ టక్. వెంట్రుక కుదుట్లో నరాలుంటాయి కదా, కొస కదిలితే చాలు లోపలికి కబురందుతుంది. ఆవులూ, పిల్లులూ చెవులు విదిలించేదీ ఇలాగే.

ఇంకోటి, కోలాలకి గూడూ బొరియా ఉండవు. వానైనా గాలైనా కొమ్మ మీదే, ఒంటి మీది బొచ్చే దిక్కు. అందుకే చలి ఎక్కువుండే విక్టోరియా కోలాలకి బొచ్చు ఒత్తుగా, కుచ్చులు పొడుగ్గా ఉంటాయి. ఎండలు కాసే క్వీన్స్‌లాండ్ వాటికి పొట్టి. ఎర్ర ఉడతలకైతే చెవి కుచ్చులు చలికాలానికి పెరిగి వేసవికి రాలిపోతాయి! ఒంటెలకీ, ఎడారిలో ఉండే ఫెనెక్ నక్కలకీ చెవి లోపల బొచ్చు, ఇసుక దూరకుండా.

మరి కోలాకి వినపడుతుందా అంటావు, నాకు తెలుసు. కుచ్చులు అంచునే కదరా, దారికి అడ్డం రావు. పైగా దాని చూపు అంతంత మాత్రం, బతుకంతా వాసన మీదా వినికిడి మీదా నడవాలి. మగ కోలా అరుపు వింటే ఎద్దు రంకె అనుకుంటావు! మామూలు స్వరతంత్రులు కాక అదనంగా ఇంకో జత ఉందని 2013లో బయటపెట్టారు. అంత గొంతేసుకుని అరిస్తే వినేవాళ్లు ఉండొద్దూ?

మాస్టారి చెవుల్లో అడవికి మాత్రం వయసూ, మగ హార్మోన్లే కారణం. పాపం, ఎలా ఉన్నారో... ఓసారి వెళ్లి చూసి రారా. నా మాట చెప్పు, ‘అటవీ శాఖ’ సంగతి మాత్రం వద్దు.

అన్నట్టు దాని వేలిముద్రలు అచ్చం మనిషి వేలిముద్రల్లాగే ఉంటాయి, అదింకో పెద్ద కథ, ముందు దాని చేతికి రెండు బొటనవేళ్లు... అయ్యో, షిఫ్ట్‌కి టైమైపోయింది, ఉంటాను!

నీ,
బక్కోడు