పోయిన సీఎఫ్ఎల్ బల్బులను ఎక్కడ ఇవ్వాలి? పర్యావరణ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన పర్యావరణ శాఖ మంత్రి గారికి,

నమస్కారములు.

మా ఇంటి అటక మీద ఒక అట్టపెట్టెలో, పాత వార్తాపత్రికల్లో చుట్టి దాచిన పదకొండు సీఎఫ్ఎల్ బల్బులున్నాయి. అన్నీ మొదలు దగ్గర గాజు నల్లబడి పోయినవే. వాటి డబ్బా మీద చెత్తబుట్ట బొమ్మ వేసి అడ్డంగా గీత కొట్టారు గనుక చెత్తలో వేయకూడదని తెలుస్తోంది. ఎక్కడ వేయాలో మాత్రం డబ్బాకు ఏ పక్కనా రాసి లేదు.

ఒక్కో బల్బులో ఉండే పాదరసం దాదాపు 3 నుంచి 5 మిల్లీగ్రాములు. పాత గాజు థర్మామీటరులో సుమారు 500 మిల్లీగ్రాములు ఉండేది కాబట్టి, ఇంట్లో ఒక బల్బు పగిలినంత మాత్రాన హడలిపోనక్కర్లేదు. అయితే చెత్తబండిలో వందలకొద్దీ బల్బులు నలిగితే ఆ పాదరసం ఆవిరై గాలిలో కలుస్తుంది. నీటిలో చేరినది సూక్ష్మజీవుల వల్ల మిథైల్ మెర్క్యురీ అనే విషంగా మారి చేపల ద్వారా మనుషుల దాకా వస్తుంది. జపానులోని మినమాటలో 1956లో బయటపడిన నరాల వ్యాధికి కారణం ఈ మిథైల్ మెర్క్యురీయే.

పన్నెండో బల్బు నా చేతిలోనే జారి పగిలింది. తెల్లటి పొడి గచ్చంతా పరుచుకుంటే, తెలియక చీపురుతో ఊడ్చాను. అది తప్పు. చీపురైనా వాక్యూమ్ క్లీనరైనా ఆ పొడిని గాలిలోకి లేపుతుంది. ముందు పిల్లలను బయటికి పంపి, కిటికీలు తెరిచి, పది పదిహేను నిమిషాలు ఆగి, గాజు ముక్కలను దళసరి అట్టతో ఎత్తి, మిగిలిన పొడిని అంటుకునే టేపుతోనూ తడి కాగితంతోనూ తీసి, అన్నింటినీ మూత బిగిసే సీసాలో పెట్టాలి. ఈ నాలుగు మాటలు డబ్బా మీద అచ్చు వేయించడం పెద్ద పనేమీ కాదు.

పాదరసం వాడకాన్ని తగ్గించేందుకు దేశాలు చేసుకున్న మినమాట ఒప్పందం కింద 2022లో జరిగిన నిర్ణయం ప్రకారం, 30 వాట్ల వరకు ఉన్న సీఎఫ్ఎల్ బల్బుల తయారీకీ ఎగుమతి దిగుమతులకూ 2025తో గడువు తీరింది. అయినా ఇళ్లలో ఇప్పటికే ఉన్నవి ఎక్కడికీ పోవు. వాటి స్థానంలో వచ్చిన ఎల్ఈడీలలో పాదరసం లేకపోయినా ఎలక్ట్రానిక్ సర్క్యూట్ ఉంటుంది కాబట్టి, అవీ చెత్తబుట్టలో వేసేవి కావు.

రీసైక్లింగ్ కేంద్రాలలో బల్బులను మూసిన యంత్రంలో నలగ్గొట్టి, గాజునూ లోహాన్నీ పొడినీ వేరుచేసి, ఆ పొడిని వేడిచేసి పాదరసాన్ని తిరిగి రాబడతారు. పద్ధతి ఉంది, ఇంటి నుంచి అక్కడికి దారే లేదు.

కావున బల్బులు అమ్మే ప్రతి దుకాణమూ పాతవాటిని ఉచితంగా తిరిగి తీసుకునేలా, ఆ ఖర్చును తయారీదారులే భరించేలా ఆదేశాలు ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. ఒక్క మనవి: అక్కడ లోతైన డ్రమ్ములు మాత్రం పెట్టించకండి. పైనుంచి వేసిన మొదటి బల్బు అడుగున పడి పగులుతుంది. అట్ట అరలున్న పెట్టె చాలు.

భవదీయుడు,
ఒక పౌరుడు