పవర్ వీడర్ స్టార్టయి వెంటనే ఆగిపోతోందా? ఈ విషయంలో మా పొరపాటు కూడా ఉంది

ఈ తొలకరికి మా షాపులో పవర్ వీడర్ (కలుపు తీసే మిషన్) రిపేరు చేయించుకున్న రైతులందరికీ నమస్కారం. మీతో ఒక విషయం దాపరికం లేకుండా చెప్పాలి.

జూన్ నుంచి వచ్చిన పెట్రోల్ వీడర్లలో ఎక్కువ వాటికి ఒకటే జబ్బు. తాడు లాగితే స్టార్టవుతుంది, చోక్ తీయగానే రెండుసార్లు దగ్గినట్టు చేసి ఆగిపోతుంది. సీజన్ హడావిడిలో "కార్బ్యురేటర్ పోయింది" అని చెప్పి, పెట్రోల్‌ను గాలితో కలిపి ఇంజిన్‌కి పంపే ఆ భాగాన్ని 14 మందికి కొత్తది వేశాను. వాళ్లలో ఐదుగురు నెల తిరక్కుండానే అదే బాధతో మళ్లీ వచ్చారు. కొత్త కార్బ్యురేటర్ అంత త్వరగా పోదు. అప్పుడు గానీ నాకు అనుమానం రాలేదు.

జంగారెడ్డిగూడెం వైపు ఆయిల్ పామ్ తోట ఉన్న ఒక పెద్దాయన మిషన్ విప్పాను. కార్బ్యురేటర్ కింద గిన్నెలో ఉన్న పెట్రోల్‌ను స్టీలు పళ్లెంలోకి వంచితే, అడుగున నీళ్లు చామాకు మీద చుక్కల్లా అటూ ఇటూ దొర్లాయి. అందులో పెట్రోల్ వెళ్లే సన్నటి రంధ్రం ఉన్న ముక్క, మెయిన్ జెట్, తీసి ట్యూబ్‌లైట్‌కి ఎదురుగా పట్టుకున్నాను. వెలుతురు రాలేదు. కరెంటు వైరులోంచి ఒక్క సన్నటి రాగి పోగు తీసి మెల్లగా గుచ్చి, క్లీనర్ స్ప్రే కొట్టాక చుక్కంత వెలుగు కనిపించింది. మళ్లీ బిగిస్తే మొదటి లాగుడుకే అందుకుని, చోక్ తీసినా తిరుగుతూనే ఉంది. అసలు రోగం ట్యాంకులో ఉంది. సంక్రాంతి నాటి పెట్రోల్ అలాగే ఉండిపోయి, అడుగున నీళ్లు, గోధుమరంగు మడ్డి పేరుకున్నాయి. నేను ట్యాంకు కడగకుండా కార్బ్యురేటర్ మాత్రం మార్చాను. ఆ మడ్డే వచ్చి కొత్తదాన్నీ మూసేసింది.

ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్‌లో 20 శాతం వరకు ఇథనాల్ ఉంటోంది. అది గాలిలో చెమ్మను పీల్చుకుంటుంది. చెమ్మ మరీ ఎక్కువైతే నీళ్లు, ఇథనాల్ కలిసి విడిపోయి అడుగుకు చేరతాయి. ఇంజిన్‌కి పెట్రోల్ వెళ్లేది కూడా అడుగు నుంచే. పైగా నెలల తరబడి నిలవున్న పెట్రోల్ ఆవిరై జిగురులా మిగులుతుంది. మెయిన్ జెట్ రంధ్రం ఒక మిల్లీమీటరు కూడా ఉండదు, అది పూడుకుపోవడానికి ఎంతసేపు? చోక్ వేసి ఉన్నంతసేపు గాలి తగ్గి, అందిన కొద్దిపాటి పెట్రోల్‌తోనే ఇంజిన్ నెట్టుకొస్తుంది. చోక్ తీస్తే గాలి ఎక్కువై ఆగిపోతుంది.

మార్చిన పాత కార్బ్యురేటర్లలో తొమ్మిది ఇంకా షాపులోనే ఉన్నాయి. కడిగి చూస్తే ఏడు బాగానే పనిచేస్తున్నాయి. ఆ ఏడుగురికి నేను తీసుకున్న 1,100 రూపాయలు తిరిగి ఇస్తున్నాను, పాతది కూడా మీదే. మొత్తం 14 మందికీ ట్యాంకు, ఫిల్టరు ఉచితంగా కడిగి ఇస్తాను. ఇకమీదట జెట్ మీ కళ్లముందు లైటుకి పట్టి చూపించాకే కొత్త కార్బ్యురేటర్ మాట ఎత్తుతాను.

షాపుకి తెచ్చే ముందు మీరే ఒకటి చూడండి. పది నిమిషాలు బాగా తిరిగి ఆగిపోతుంటే ట్యాంకు మూత కొంచెం వదులు చేసి మళ్లీ స్టార్ట్ చేయండి. అప్పుడు ఆగకపోతే మూతలోని గాలి రంధ్రం మూసుకుపోయినట్టే, దానికి కార్బ్యురేటర్‌తో పని లేదు. ఇంజిన్ ఆయిల్ కూడా చూసుకోండి. ఆయిల్ తగ్గితే దానంతట అదే ఆగిపోయే సెన్సర్ కొన్ని ఇంజిన్లకు ఉంటుంది. పని అయిపోయి మిషన్ మూలన పెట్టేటప్పుడు పెట్రోల్ కాక్ కట్టేసి, ఇంజిన్ ఆగిపోయేదాకా నడపండి. ట్యాంకులో మిగిలింది తీసి బండిలో పోసుకోండి.

ఇప్పటికే ఆగిపోతున్న మిషన్ ఉన్నవాళ్లు మాత్రం ట్యాంకు ఖాళీ చేయకుండా తీసుకురండి. అందులో ఏముందో ముందు ఇద్దరం కలిసి చూద్దాం.