ఆటగాళ్ల కొనుగోలుకు జవాబుదారీ ఎవరు?

సంపాదకులకు,

ఫుట్‌బాల్ క్లబ్బులో ఎవరిని కొనాలో తేల్చే అధికారమంతా కోచ్‌కే ఉండాలనీ, ఓడితే ఉద్యోగం పోయేది ఆయనదే కనుక అదే న్యాయమనీ మీ క్రీడా పుటలో వచ్చిన వాదన పైకి సబబుగానే ఉంది. కానీ కోచ్‌లు రెండు మూడేళ్లు నిలవడమే గగనమైన ఈ రోజుల్లో, వాళ్లు కోరి తెచ్చుకున్న ఆటగాళ్ల ఒప్పందాలు మాత్రం నాలుగైదేళ్లు నడుస్తాయి.

ఇంగ్లండ్ క్లబ్బు మాంచెస్టర్ యునైటెడ్‌నే చూడండి. 2013లో కోచ్ అలెక్స్ ఫెర్గూసన్ విరమించాక 2021 దాకా ఆ క్లబ్బుకు కొనుగోళ్ల వ్యవహారం చూసే ఫుట్‌బాల్ డైరెక్టరే లేరు. కోచ్‌లుగా మోయెస్, వాన్ హాల్, మౌరీన్యో, సోల్షేర్ తలా ఒక ఆటతీరుతో వచ్చారు. ఒకరు ఏరుకున్నవారు మరొకరికి అక్కరకు రాలేదు. డైరెక్టర్ వచ్చాక కూడా, 2022లో కొత్త కోచ్ ఎరిక్ టెన్ హాగ్ తన పాత క్లబ్బు అయాక్స్‌లోని ఆంటోనీని కోరుకుంటే, ఎనిమిది కోట్ల పౌండ్లకు పైగా పోశారు. 2024 అక్టోబరులో టెన్ హాగ్‌ను తొలగించారు. మూడు నెలలకు ఆంటోనీని లోన్ మీద, అంటే తాత్కాలికంగా, స్పెయిన్ క్లబ్బు రియల్ బేటిస్‌కు పంపారు. ఆ ధరకు వద్దని గట్టిగా చెప్పగల అధికారం లేనప్పుడు డైరెక్టర్ పదవి ఉండీ ప్రయోజనం లేదు.

మరో ఇంగ్లండ్ క్లబ్బు లివర్‌పూల్‌లో డైరెక్టర్‌కు ఆ అధికారం ఉంది. మొహమ్మద్ సలాను తీసుకోమని అప్పటి స్పోర్టింగ్ డైరెక్టర్ మైకేల్ ఎడ్వర్డ్స్ బృందం తన వెంటపడిందని నాటి కోచ్ యూర్గన్ క్లాప్ స్వయంగా చెప్పారు. అంతకుముందు చెల్సీలో సరైన అవకాశాలు దక్కని ఆ సలా 2017లో చేరి, తొలి సీజన్‌లోనే లీగ్‌లో 32 గోల్స్ కొట్టాడు. 2024లో క్లాప్ వెళ్లిపోయినా జట్టు చెదరలేదు. ఆ వేసవిలో కొత్తగా వచ్చి ఆడినవాడు కియెసా ఒక్కడే, అదీ అరకొరగానే. పాతవారితోనే కొత్త కోచ్ ఆర్నె స్లాట్ మరుసటి ఏడాది లీగ్ టైటిల్ గెలిచారు. కోచ్ మారినా కొనుగోళ్ల వెనకున్న ఆలోచన మారకపోతే జరిగేది ఇదీ.

అలాగని కోచ్‌కు ఇష్టం లేని ఆటగాణ్ణి ఆయన నెత్తిన రుద్దడం నాకు సమ్మతం కాదు. వద్దనే హక్కు కోచ్‌కు ఉండి తీరాలి. ఎవరిని వెతకాలి, ఎంత ధర పెట్టాలి, ఎన్నేళ్లకు రాయించుకోవాలి అన్నవి మాత్రం డైరెక్టర్ బాధ్యతలు కావాలి. నేడు ప్రతి మ్యాచ్‌కు ముందూ తర్వాతా విలేకరుల ముందు కూర్చుని, బెడిసికొట్టిన కొనుగోళ్ల గురించి కూడా సంజాయిషీ ఇచ్చుకుంటున్నది కోచే. కొనుగోళ్ల గడువు ముగిసిన ప్రతిసారీ డైరెక్టర్ కూడా ఆ కుర్చీలో కూర్చుని, తాను ఎవరిని ఎందుకు తీసుకున్నారో అభిమానులకు చెప్పాలి.

– ఒక పాఠకుడు, విజయవాడ