సింధుకి, పుస్తకం పని గురించి

చిరంజీవి సింధుకి, నాన్న ఆశీర్వదించి రాసేది.

ఇక్కడ అందరం కులాసా. నానమ్మ మోకాలు ఈ వారం కాస్త నయం. నీ దగ్గర్నుంచి మాట లేక చాలా రోజులైంది. పరీక్షలూ, మీ క్లాసు జ్ఞాపకాల పుస్తకం పనీ రెండూ ఒకేసారి నెత్తిన పడ్డాయని తెలుసు, అందుకే ఫోను ఎత్తకపోయినా ఏమీ అనుకోవడం లేదు. కళ్లద్దాలు పెట్టుకునే పని చేస్తున్నావా? రాత్రిపూట దీపం తీసేసి ఫోను వెలుగులో అక్షరాలు దిద్దకు. కళ్లు పాడవడం ఒకటి, తప్పులు దొరక్కపోవడం ఇంకొకటి.

మీ పేజీల ప్లాను చిన్నిగాడు నాకు పంపించాడు. వాడి మీద కేకలెయ్యకు, నేనే అడిగాను. 32 పేజీలు అనుకోవడం బాగుంది. మధ్యలో మడిచి పిన్ను కొట్టే పుస్తకంలో ఒక్కో కాగితానికి 4 పేజీలు వస్తాయి, 8 కాగితాలతో లెక్క తెగిపోతుంది. 30 అనో 34 అనో అనుకుని ఉంటే చివర రెండు పేజీలు తెల్లగా మిగిలేవి. అది నీ అంతట నువ్వే చూసుకున్నావంటే నాకు చాలా సంతోషమేసింది.

ఆ ప్లానులోనే ఇంకొకటి చూశాను. మీ క్లాసులో 42 మంది. పేజీకి ఇద్దరు చొప్పున 21 పేజీలు కట్టావు. పేర్లు లెక్కపెడితే 41 ఉన్నాయి. 27వ పేజీ కింది సగంలో ‘డిజైన్’ అని రాసి, చిన్న పువ్వుల తీగ గీశావు. లేని పేరు నీది. రమణి పిన్ని కూడా ఫోనులో ఏదో అంది, నీ ఫోటో వద్దన్నావట, నువ్వేమీ రాయనన్నావట అని. పిన్ని చెప్పిందంతా నేను నమ్మను. సరే, అది తరవాత. ముందు కాగితం సంగతి.

పుస్తకం మొత్తం ఆర్ట్ పేపర్ మీద వేయిస్తామని రాశారు. ఫోటోలకి అదే మంచిది, 130 జీఎస్ఎం (చదరపు మీటరుకి 130 గ్రాముల బరువు) చాలు. అంతకన్నా మందమైతే మడత దగ్గర పగులుతుంది, పుస్తకం నోరు తెరుచుకుని ఉంటుంది. కానీ చివరి రెండు పేజీలు సంతకాలకి వదిలారు కదా, నున్నటి కాగితం మీద జెల్ పెన్ను సిరా ఆరదు. ఒకరు సంతకం పెట్టి పుస్తకం మూశారంటే ఎదుటి పేజీ నిండా మరకే. సంతకాల పేజీలు మ్యాప్‌లితో మీద ఉండాలి, అంటే నునుపు పూత లేని మామూలు అచ్చు కాగితం. దానికి ఒక సులువుంది. 1, 2, 31, 32 పేజీలు నాలుగూ ఒకే కాగితం మీద వస్తాయి, అన్నిటికన్నా బయట ఉండే కాగితం అది. ఆ ఒక్కటి మ్యాప్‌లితో వేయమని చెప్పు. ముందు వైపు పుస్తకం పేరూ, పేర్ల జాబితా, వెనక వైపు సంతకాలు. వాటిల్లో దేనికీ నునుపు అక్కర్లేదు. కాగితాన్ని దాని నార వెంబడే మడవాలని కూడా గుర్తు చెయ్యి, అడ్డంగా మడిస్తే మడత మీద రంగు పెచ్చులుగా లేస్తుంది.

స్కెచ్ పెన్నులు ఎవరినీ తేనివ్వకు, వెనక్కి దిగుతాయి. మామూలు బాల్ పెన్ను చాలు. పిగ్మెంట్ సిరా పెన్ను దొరికితే మరీ మంచిది, ఏళ్లు గడిచినా వెలిసిపోదు.

గ్రూప్ ఫోటో 16, 17 పేజీల్లో పెట్టారు. అది సరైన చోటు, ఎందుకంటే పుస్తకం మొత్తంలో ఎదురెదురు పేజీలు ఒకే కాగితం మీద ఉండేది నట్టనడుమే. ఇంకెక్కడ పెట్టినా రెండు సగాలూ ఒక మిల్లీమీటరు అటూ ఇటూ అవుతాయి. అయితే పిన్నులు దిగేదీ అక్కడే. నిలబడేటప్పుడే మధ్యలో జానెడు సందు వదిలి, రెండు సగాలుగా నిలబడండి. లేకపోతే నడిమి మనిషి ముక్కు మీదుగా మడత పోతుంది. మిట్టమధ్యాహ్నం తియ్యకండి, కళ్ల కింద నల్లటి నీడలు పడతాయి. ఏదైనా భవనం నీడలో, అందరి మీదా ఒకే వెలుగు పడేలా చూడండి. ఫోనులో వెడల్పు కటకం వాడితే చివర నిలబడ్డవాళ్ల ముఖాలు సాగిపోతాయి, నాలుగడుగులు వెనక్కి జరిగి మామూలు కటకంతోనే తీయండి. పదిహేను ఫోటోలన్నా తీస్తే గానీ అందరి కళ్లూ తెరిచి ఉన్నది ఒకటి దొరకదు.

మీ పుస్తకం ఏ4 సైజు కాబట్టి రెండు పేజీలు కలిపితే అడ్డంగా పదహారున్నర అంగుళాలు. అంగుళానికి 300 పిక్సెళ్ల లెక్కన సుమారు 5,000 పిక్సెళ్లు కావాలి. 12 మెగాపిక్సెళ్ల ఫోను 4,000 ఇస్తుంది, ఫరవాలేదు, కంటికి తేడా తెలియదు. అదే ఫోటో వాట్సాప్‌లో మామూలుగా పంపుకుంటే కుదించుకుపోయి మసకబారుతుంది. డాక్యుమెంటుగా పంపుకోండి. విడి ఫోటోలకీ ఇదే మాట.

ఫోటో తీసేది మాత్రం నువ్వు కాకు. వాచ్‌మన్‌నో, కింది తరగతి పిల్లల్నో పిలవండి.

ఫోటో తీసిన వెంటనే, ఎవరూ కదలకముందే, వరసలవారీగా ఎడమ నుంచి కుడికి పేర్లు రాసుకోవాలి. మర్నాడు రాద్దామనుకుంటే ఎవరి వెనక ఎవరున్నారో తేలదు. పేర్లు దేనికి, అందరూ గుర్తున్నారుగా అంటారు మీవాళ్లు. 1975లో అచ్చయిన ఒక పరిశోధన కోసం అమెరికాలో బారిక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఇంకో ఇద్దరితో కలిసి, హైస్కూలు చదువు ముగించిన 392 మందిని పరీక్షించాడు. వాళ్లలో అప్పుడే స్కూలు వదిలినవాళ్ల దగ్గర్నుంచి వదిలి యాభై ఏళ్లు కావస్తున్నవాళ్ల దాకా ఉన్నారు. వాళ్లవాళ్ల క్లాసు పుస్తకాల్లోని ఫోటోలే చూపించాడు. ముప్ఫై అయిదేళ్లకి కూడా పదింట తొమ్మిది ముఖాలు గుర్తుపట్టారు. ఏ ఫోటో చూపించకుండా, మీ క్లాసులో ఎవరెవరున్నారో పేర్లు చెప్పండంటే మాత్రం చాలా తక్కువ మందినే చెప్పగలిగారు. అంటే ముఖం నిలుస్తుంది, పేరు జారిపోతుంది. ఫోటో ఉంటేనే మనిషి గుర్తొస్తుంది, కింద రాసి ఉంటేనే పేరు గుర్తొస్తుంది. ఫోటో కూడా లేని మనిషి గతేమిటి మరి?

మీ సరోజత్త దగ్గర పాత క్లాసు పుస్తకం ఉంది, నువ్వు చూసే ఉంటావు. అట్టకి ప్లాస్టిక్ తొడుగు వేసి దాచింది. ఆ ప్లాస్టిక్ మెత్తబడి అట్టకే అతుక్కుపోయింది, తియ్యబోతే అట్ట మీది అక్షరాలు దానితోపాటే వచ్చాయి. పిన్నులు తుప్పు పట్టి మధ్య పేజీలో ఎర్రటి చారలు దిగాయి. అయినా లోపలంతా బాగానే ఉంది. పేర్లన్నీ చేత్తో రాసినవే, ఒక్క చెయ్యే. ‘శ’ మెలిక దగ్గర చిన్న చుక్క పెట్టి వదిలే అలవాటు ఆ చేతిది. ఆ మధ్య అత్త క్లాసువాళ్లంతా కలుసుకున్నప్పుడు ఆ పుస్తకం పట్టుకెళ్లింది. పేజీ తిప్పడం, వీడు ఫలానా, ఇది ఫలానా అనుకోవడం, గంటసేపు అదే గోల. ఎవరో అడిగారట, ఇంతకీ ఈ అక్షరాలు ఎవరివి అని. ఒక్కరూ చెప్పలేకపోయారు. రెండో బెంచీలో కూర్చునే అమ్మాయి అని ఒకావిడ, కాదు తొమ్మిదిలో కొత్తగా చేరిన పిల్ల అని ఇంకొకావిడ. ఇంటింటికీ తిరిగి ఫోటోలు పోగేసింది ఆ పిల్లే అని మాత్రం అందరికీ గుర్తుంది. సైకిలు మీద వచ్చేదట. వర్షంలో ఒకసారి ఫోటోలు తడవకుండా పలక మీద పలక పెట్టి, వాటి మధ్య పెట్టుకుని తెచ్చిందట. గ్రూప్ ఫోటో తీసింది కూడా ఆవిడేనని ఒకాయన అన్నాడు. అందుకే అందులో లేదు. పేర్ల జాబితా రాసిందీ ఆవిడే, తన పేరు రాసుకోలేదు. పాత అటెండెన్సు రిజిస్టరు కోసం స్కూల్లో వెతికించారు, ఆ ఏటిది దొరకలేదు. అత్త ఆ రోజు రాత్రి నాకు ఫోను చేసి చెబుతూ చెబుతూ ఆగిపోయింది. ఒక మనిషిని పోగొట్టుకున్నామన్న బాధ తనకి ఇప్పటికీ ఉంది.

నిన్ను బలవంతపెట్టాలని ఇదంతా రాయడం లేదు. వద్దనుకోవడానికి నీ కారణాలు నీకుంటాయి. తొమ్మిదో తరగతి నీకెలా గడిచిందో నాకు తెలుసు. చివరి బెంచీ సంగతీ తెలుసు, ప్రవల్లిక సంగతీ తెలుసు. అందరూ బంగారు రోజులు, తీపి గుర్తులు అని రాసుకుంటుంటే మధ్యలో కూర్చుని ఏం రాయాలో తోచదు ఎవరికైనా. కానీ అక్కడ తప్పు నువ్వు పెట్టిన ప్రశ్నది కూడా. ‘మీకు ఇష్టమైన జ్ఞాపకం’ అని అడిగావు. అలా అడిగితే 41 మందీ ఒకటే రాస్తారు. చిన్న చిన్నవి అడుగు. నీ బెంచీ నుంచి కిటికీలోంచి ఏం కనిపించేది? ఏ పీరియడు అయ్యేసరికి గడియారం చూసేవాడివి? ఎవరి దగ్గర పెన్ను అరువు తీసుకునేదానివి? ఏ రోజు స్కూలుకి రాబుద్ధి కాలేదు? చివరిదానికి కూడా నిజం రాసేవాళ్లుంటారు, చూడు. ఆ రాసిన వాటిల్లో ఇంకొకళ్ల పేరుంటే వాళ్లకి చూపించి సరేనన్నాకే వెయ్యి. ముద్దుపేరని అందరూ అనుకునేది ఆ పిల్లాడికి ఏడుపు తెప్పించేది కావచ్చు. అలాంటివి ఒక్కటి కూడా అచ్చులో పడకూడదు. దానికి నీకన్నా బాగా కాపలా కాసేవాళ్లు ఆ క్లాసులో లేరు. మధ్యలో స్కూలు మారి వెళ్లిపోయినవాళ్ల పేర్లు కూడా 2వ పేజీలో విడిగా వెయ్యండి. అయిదారు పేర్లకి రెండు అంగుళాల చోటు చాలు.

అక్షరాల సైజు చూసుకో. తెలుగుకి 12 పాయింటు పెడితే వరసకీ వరసకీ మధ్య 17 అన్నా ఉండాలి. లేకపోతే పై వరస ఒత్తులు కింది వరస గుడుల మీద ఎక్కుతాయి. ఫోనులో టైపు చేసింది డీటీపీ (కంప్యూటర్లో పేజీలు కట్టే) వాళ్ల పాత ఫాంట్లలోకి తిన్నగా అతికిస్తే ఒత్తులు విడిపోతాయి, పొల్లులు తేలిపోతాయి. యూనికోడ్‌లోనే పేజీలు కట్టి, ఫాంట్లు లోపలే ఉండేలా పీడీఎఫ్ చేసి ఇవ్వమను. అంచుల దాకా వచ్చే బొమ్మలకి చుట్టూ 3 మిల్లీమీటర్లు ఎక్కువ వదలాలి. పేర్లూ పేజీ నంబర్లూ అంచు నుంచి సెంటీమీటరన్నా లోపలికి ఉండాలి, 8 కాగితాలు మడిచేసరికి నడిమివి బయటికి పొడుచుకొస్తాయి, కటింగులో అవే ఎక్కువ తెగుతాయి.

ప్రూఫు ఒక్కదానివే చూడకు. ఒకరు అటెండెన్సు రిజిస్టరు పట్టుకుని పేరు, ఇంటిపేరు అక్షరం అక్షరం పైకి చదవాలి, ఇంకొకరు పేజీలో టిక్కు పెట్టాలి. ఎవరి పేరు వాళ్లకి చూపించి పక్కన సంతకం తీసుకో. ఫోటో కింద పేరు తారుమారైతే అది చూసేది తల్లిదండ్రులు, దాచుకునేది ఏళ్లకేళ్లు. తెర మీద చూసి సరిపెట్టుకోకు, ఒక కాపీ కాగితం మీద తీయించి, నిద్ర పోయి లేచాక పొద్దున చూడు. అచ్చయ్యాక ఫైళ్లు మూడు చోట్ల ఉంచండి, అందులో ఒకటి వేరే ఊళ్లో ఉన్నవాళ్ల దగ్గర ఉండాలి. ఒకే ఫోనులో ఉంటే ఆ ఫోనుతోనే పోతాయి.

ఇక మొదట్లో ఆపిన సంగతి. మీరు రిజిస్టరు నంబర్ల వరసలో పేజీలు కట్టారు. నీ నంబరు 36. ఆ లెక్కన 24వ పేజీ కింది సగం నీది. ఇప్పుడక్కడ 37 కూర్చుంది. నువ్వు నీ చోట్లోకి వస్తే ఆ తరవాతి ఆరుగురూ సగం పేజీ చొప్పున కిందికి జరుగుతారు, 27వ పేజీ నిండుతుంది, పువ్వుల తీగ అవసరం ఉండదు. మారేది 24, 25, 26, 27 మాత్రమే. ఎక్కువ రాయక్కర్లేదు. రెండున్నర అంగుళాలు బై మూడు ఫోటో పెట్టాక ఎనభై మాటలు సుఖంగా పడతాయి. తీపి గుర్తులే రాయాలని లేదు. ఈ పుస్తకం ఎలా చేశావో రాసినా చాలు, ఎవరి ఫోటో ఆఖర్న వచ్చిందో, ఎవరి పేరు దగ్గర ఎంత తిప్పలు పడ్డావో. ఫోటోకి నీలం చొక్కా వేసుకో. జుట్టు వెనక్కి దువ్వుకో, నుదురు కనపడాలి.

ప్రెస్సుకి వెళ్లకముందే ఆ నాలుగు పేజీలూ మార్చి పీడీఎఫ్ నాకు పంపించు. ఒత్తులు నేను చూసిపెడతాను. వేళకి తిను. కాగితాలు కత్తిరించేటప్పుడు స్టీలు స్కేలే వాడు, ప్లాస్టిక్‌ది అయితే బ్లేడు ఎక్కి వేలు మీదికొస్తుంది.

ఆశీస్సులతో,
నాన్న