నాన్నగారికి, ఆ 24 శాతం గురించి

నాన్నగారికి నమస్కారాలు.

నేను క్షేమంగానే ఉన్నాను. వ్యాసరచన తప్ప మిగిలిన తరగతులు మామూలుగా సాగుతున్నాయి. మొన్న ఫోనులో నా వ్యాసానికి 24 శాతం పోలిక వచ్చిందని చెప్పగానే అమ్మ కంగారుపడటం, మీరు చాలాసేపు ఏమీ మాట్లాడకపోవడం నా మనసులోంచి పోవడం లేదు. అందుకే వివరంగా రాస్తున్నాను.

ఆ అంకెకు కాపీ కొట్టానని అర్థం కాదు. టర్నిటిన్ అనే సాఫ్ట్‌వేరు మేము రాసినదాన్ని వెబ్ పేజీలతో, పరిశోధన పత్రికలతో, పాత విద్యార్థుల వ్యాసాలతో పోల్చి, కలిసిన మాటలకు రంగు పూసి చూపుతుంది, అంతే. కొటేషన్ గుర్తుల మధ్య ఉంచి, ఎవరివో చెప్పి ఉదాహరించిన వాక్యాలకూ, చివరనున్న ఆధారాల పట్టికకూ కూడా రంగు పడవచ్చు. నా వ్యాసంలో పడినదంతా అదే. మా అధ్యాపకురాలు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని రంగు పడిన ప్రతి వాక్యాన్నీ చూసి, సరేనన్నారు. ఇక అమ్మను నిశ్చింతగా ఉండమనండి.

నాకు అసలు దిగులు కలిగించేది వేరే ఉంది. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక, యంత్రం రాసిన వ్యాసాలను పట్టుకుంటామనే సాధనాలు కూడా వచ్చాయి. ఇంగ్లీషు మాతృభాష కానివారు టోఫెల్ అనే ఇంగ్లీషు పరీక్షలో రాసిన వ్యాసాలను 2023లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు అటువంటి సాధనాలకు ఇచ్చి చూస్తే, సగటున సగానికి పైగా యంత్రం రాసినవేనని అవి తేల్చాయట. తేలికైన మాటలతో సూటిగా రాయడమే మావంటివారికి ముప్పు కావడం అన్యాయం కాదా? అందువల్ల నేను ప్రతి చిత్తుప్రతినీ దాచుకుంటున్నాను. ఏ పేరా రాత్రి ఒంటిగంటకు రాశానో, మర్నాడు దాన్ని ఎందుకు కొట్టేశానో ఎవరడిగినా తెరిచి చూపగలను.

ఈ వ్యాసరచన తరగతి మొదటి వారంలో మా వ్యక్తిగత లక్ష్యాలు రాయమన్నారు. వ్యాకరణ దోషాలు లేకుండా రాయడం, మంచి గ్రేడు తెచ్చుకోవడం అని రాసిస్తే, "ఇవి నేను మీ నుంచి ఆశించేవి. మరి మీకేం కావాలి?" అని అధ్యాపకురాలు అంచున రాసి తిరిగి ఇచ్చారు. రెండు రోజులు ఆలోచించి, "కొందరి అభిప్రాయం ప్రకారం" అన్న మాట చాటున దాక్కోకుండా నా అభిప్రాయాన్ని మొదటి పేరాలోనే చెప్పడం నా లక్ష్యమని రాశాను. చదివిన పుస్తకం మూసి, అర్థమైనదాన్ని సొంతంగా రాసి, ఆ తరువాతే మూలంతో సరిచూసుకోవడం ఇప్పుడు అలవాటు చేసుకుంటున్నాను. మూలం పేరు చెప్పినా, వాక్యాన్ని అలాగే ఉంచి నాలుగు పదాలు మార్చితే ఇక్కడ ఒప్పుకోరు.

తమ్ముడు నా పాత వ్యాసం అడిగితే ఇవ్వలేదని అలిగాడని తెలుసు. నాకు పిసినారితనమేమీ లేదు, నాన్నగారూ. అది వాడి పేరు మీద వెళితే తీసుకున్న వాడితోపాటు ఇచ్చిన నేనూ జవాబు చెప్పుకోవాలి. నేనే నా పాత వ్యాసాన్ని అనుమతి లేకుండా మరో తరగతికి ఇచ్చినా తప్పే. వాడినే ఒక చిత్తుప్రతి రాసి ఆదివారంలోగా పంపమనండి. ఎంత అధ్వానంగా ఉన్నా ఫరవాలేదు, నాకు తోచిన ప్రశ్నలు పక్కన రాసి పంపుతాను.

ఇట్లు,
మీ కుమార్తె