బస్సులో ఫోన్ సౌండుకి ఒక బోర్డు పెట్టించండి

సంపాదకులు గారికి నమస్కారం,

మీ జిల్లా పేజీల్లో రోడ్డు గుంతలు, వీధి కుక్కలు, డ్రైనేజీ గురించి లేఖలు వస్తా ఉంటాయి, అన్నీ నిజమే, కానీ రోజూ బస్సెక్కే మాలాంటోళ్లకి ఇంకో బాధ ఉంది, దాని గురించి ఎవురూ రాస్తా ఉన్నట్టు లేదు. ఫోన్ స్పీకరు. తిరుపతిలో చిత్తూరు బస్సెక్కితే చంద్రగిరి రాకముందే ఒక సీట్లో రీల్స్, వెనక సీట్లో సీరియలు, ముందర ఎవరో పెద్దాయన యూట్యూబ్ వార్తలు, ఆ వార్తలు చదివే గొంతు మనిషిది కూడా కాదు మిషన్ గొంతు, రాహుకాలం గురించైనా రాజకీయం గురించైనా ఒకటే అరుపు. ఇంకో ఆయన వీడియో కాల్‌లో "వినపడతా ఉందా, వినపడతా ఉందా" అంటాడు. బస్సంతా వినపడతా ఉంది సామీ, అవతలి వాళ్లకి తప్ప!

చదువుకోనోళ్లు, పల్లెటూరోళ్లు ఇట్ల చేస్తారు అని కొందరు తేలిగ్గా అనేస్తారు, నేను ఒప్పుకోను. మెడలో ఐడీ కార్డు వేసుకున్న పిల్లోళ్లు, రిటైరైన అయ్యవార్లు, అందరూ ఇదే పని. అసలు ఇది ఉత్త మర్యాద సమస్య మాత్రమే కాదు అని నా ఉద్దేశం. 2016లో జియో రాకముందు ఒక జీబీ డేటాకి రెండొందల పైనే అయ్యేది, బస్సులో కూర్చుని వీడియో చూసేంత ధైర్యం ఎవురికుండేది? అదే సంవత్సరం ఐఫోన్ 7లో ఇయర్‌ఫోన్ గుచ్చే రంధ్రం తీసేసినారు, తర్వాత మిగతా కంపెనీలు చానా వరకు అదే దారి పట్టినాయి. 2020లో ఆపిల్ వాళ్లు డబ్బాలో ఇయర్‌ఫోన్ ఇచ్చేది కూడా మానేసినారు. ముందు మామూలు ఫోన్ కొన్నా డబ్బాలో ఒక వైరు వచ్చేది, ఇప్పుడు కొన్నిటికి ఛార్జరే రాదు ఇంక ఇయర్‌ఫోన్ ఎక్కడ. బస్టాండు ముందర వంద రూపాయలకి అమ్మే వైరు కొందామంటే ఈ కొత్త ఫోనుకి పట్టదు, బ్లూటూత్‌వి కొంటే దానికీ ఛార్జింగ్ పెట్టాల, ఒకటి సీటు కింద పడిపోతే రెండోది ఉన్నా లేనట్టే. డేటా చవక చేసి, వైరు పీకేసి, యాప్ తెరవంగానే వీడియో దానంతట అదే సౌండుతో మొదలయ్యేట్టు పెట్టినాక జనం ఏం చేస్తారు చెప్పండి.

కొండ బస్సుల్లో ఇది ఇంకా జాస్తి. 2022 సెప్టెంబరులో తిరుమలకి కరెంటు బస్సులు వేసినారు, మంచి బస్సులు, ఏసీ, పొగ లేదు, ఇంజను మోత లేదు. పాత బస్సు ఘాట్ ఎక్కేటప్పుడు ఆ మోతలో ఎవురి ఫోనూ వినపడేది కాదు, ఇప్పుడు అద్దాలు మూసి ఉంటాయి, నిశ్శబ్దంగా ఉంటుంది, కాబట్టి చివరి సీట్లో రీలు డ్రైవరు దాకా వినపడతాది. అలిపిరి దాటంగానే ఎవురో ఒకరు గోవిందా అంటే బస్సంతా గోవిందా అనేది ఈ ఊర్లో పుట్టినోళ్లకి ఎప్పటికీ విసుగు రాదు. కానీ ఒకరి ఫోన్‌లో గోవింద నామాలు, పక్కనోళ్ల ఫోన్‌లో డీజే పాట, రెండూ ఒకేసారి వింటా కొండెక్కాలంటే ఎట్ల?

పక్క రాష్ట్రంలో దీనికి రూల్ ఉంది. కర్ణాటక ఆర్టీసీ వాళ్లు 2021 నవంబరులో, హైకోర్టు ఆదేశం వచ్చినాక, బస్సులో స్పీకర్ పెట్టి పాటలు వీడియోలు వినకూడదని సర్క్యులర్ ఇచ్చినారు, కండక్టరు చెప్పినా వినకపోతే దింపేయొచ్చు, టికెట్ డబ్బులు వాపసు రావు. వాళ్ల బస్సులు రోజూ మన బస్టాండుకే వస్తా ఉన్నాయి కదా. రైల్వే వాళ్లు కూడా 2022 జనవరిలో రాత్రి పది తర్వాత గట్టిగా ఫోన్లు మాట్లాడొద్దు, పాటలు పెట్టొద్దు అన్నారు, ఇబ్బంది అయితే 139కి చెప్పుకోవచ్చు. అక్కడంతా సైలెంటుగా ఉంటారని నేను చెప్పట్లేదు. కానీ అడిగేదానికి ఒక ఆధారం ఉంది. ఇక్కడ కండక్టరమ్మ "కొంచెం తగ్గించు నాయినా" అంటే "ఎక్కడ రాసుంది?" అంటారు. పాపం ఆమె టికెట్లు కొట్టాల, ఆధార్ కార్డులు చూడాల, ఇంకా వీళ్లతో గొడవ పెట్టుకోవాల్నా?

మన బస్సుల్లో "పొగ త్రాగరాదు" అని రాసుంటాది చూడండి. ఆ అక్షరాలు ఉండబట్టే కదా ఎవురైనా బీడీ తీస్తే పక్కనోళ్లు గట్టిగా అడగ్గలిగినారు. దాని కింద ఇంకో లైను రాస్తే చాలు. ఫైన్లు గీన్లు నేను అడగట్లేదు. చెవులు సరిగా వినపడని ముసలోళ్లు కొడుకుతో రెండు నిమిషాలు స్పీకర్లో మాట్లాడితే ఎవురూ ఏమనరు, ఏడ్చే పిల్లోడికి బొమ్మల వీడియో పెట్టినా నాకైతే అభ్యంతరం లేదు, ఇంకొందరికి ఉండొచ్చు. మూడు గంటల ప్రయాణంలో మూడు గంటలూ రీల్స్ పెట్టేవాళ్ల సంగతి నేను చెప్తా ఉండేది.

మీ విలేకర్లు ఆర్టీసీ పెద్ద ఆఫీసర్లని ఎట్లాగూ కలుస్తా ఉంటారు కదా, పండగ స్పెషల్ బస్సుల గురించి అడిగేటప్పుడు ఈ బోర్డు గురించి కూడా ఒక మాట అడగండి, వాళ్లు ఏం చెప్పినా అది పేపర్లో వేయండి. ఇంకోటి, చెప్తే ఏమనుకోవద్దు, మీ పేపరు యాప్ తెరిస్తే కూడా వార్త చదవకముందే వీడియో సౌండుతో మొదలైపోతా ఉంది, నిన్న బస్సులో నా వైపు అందరూ తిరిగి చూసినారు. అది మ్యూట్‌లో మొదలయ్యేట్టు పెట్టండి, దానికి ఆర్టీసీ పర్మిషను అక్కర్లేదు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
కొర్లగుంట, తిరుపతి