తలకు దెబ్బ తగిలినవారిని ఇంటికి పంపేటప్పుడు ఒక కాగితం ఇప్పించండి: జిల్లా వైద్యాధికారి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన జిల్లా వైద్యాధికారి గారికి నమస్కారాలు.

ఇదే విషయమై రెండుసార్లు దరఖాస్తు ఇచ్చినా జవాబు రాకపోవడంతో నలుగురి ముందు ఈ లేఖ రాస్తున్నాను.

ఎనుమాముల మార్కెట్లో పత్తి అమ్మి నర్సంపేట రోడ్డు మీదుగా వస్తూ మా బాపు బండి మీది నుంచి పడ్డారు. స్కానింగులో ఏమీ లేదని మరునాడే ఇంటికి పంపారు. ఆ రోజుకు అది నిజమే కావచ్చు, అందుకు నేను ఎవరినీ తప్పుపట్టడం లేదు. అయితే గుండె జబ్బుకు రక్తాన్ని పలుచన చేసే మాత్రలు వాడే 68 ఏళ్ల మనిషికి మెదడు పైపొర కింద రక్తం కొద్దికొద్దిగా చేరి, లక్షణాలు రెండు మూడు వారాలకు, ఒక్కోసారి ఇంకా ఆలస్యంగా బయటపడవచ్చని మాకెవరూ చెప్పలేదు. మూడో వారంలో ఆయన పత్తి పైసలు లెక్కపెట్టలేక తడబడ్డారు, ఎడమ కాలు ఈడ్చారు, పగలంతా మత్తుగా పడుకున్నారు. మేము వయసు ప్రభావమనుకున్నాం; వాడకట్టులో పక్షవాతమన్నారు, ఒకరు పసరు మందు కూడా తెచ్చారు. అట్లా తొమ్మిది రోజులు పోయాయి. చివరికి హైదరాబాదులో పుర్రెకు రంధ్రం చేసి రక్తం తీశారు. ప్రాణం దక్కింది, లెక్క మాత్రం తిరిగి రాలేదు.

కాబట్టి జిల్లాలోని ప్రతి ఆసుపత్రి, తలకు దెబ్బ తగిలినవారిని ఇంటికి పంపేటప్పుడు, పెరిగే తలనొప్పి, వాంతులు, మాట తడబాటు, నడకలో తూలడం, మతిమరుపు, మితిమీరిన నిద్ర వంటి గుర్తులను తెలుగులో పెద్ద అక్షరాలతో అచ్చువేసిన కాగితం ఇచ్చి, ఇంటివారికి చదివి వినిపించేలా ఆదేశించండి. 60 దాటినవారి ఇంటికి ఆరు వారాల పాటు వారానికొకసారి ఆశా కార్యకర్తను పంపండి. వారి పనిభారం తెలిసే అడుగుతున్నాను. ఈ నెలాఖరులోగా లిఖితపూర్వక జవాబు కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పత్తి రైతు కొడుకు, వరంగల్